ఢిల్లీ బండి దిగి చూడాల్సిన నాలుగు తోరణాలు

(హనుమకొండలో ఒక గ్రంథాలయ పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది, మాట్లాడినట్టే ఉంచాం.)

నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా? ఫ్యాన్ కొంచెం తగ్గిస్తే నా కాగితాలు ఎగరవు. ఆ, చాలు.

పాత కట్టడాలు, మ్యూజియంలు చూడటానికి రైల్లో వెళ్లాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పమన్నారు నన్ను. నేను 31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ని, ట్రావెల్ ఏజెంటును కాదు. అందుకని దేశం మొత్తం చెప్పను. నేను రెండుసార్లు వెళ్లిన ఒకే ఒక్క ట్రిప్పు చెప్తాను. రెండుసార్లు ఎందుకంటే మొదటిసారి తప్పు చేశాను కాబట్టి. ఆ తప్పు మీరు చేయకుండా ఉంటే నేను వచ్చినందుకు గిట్టుబాటు అయినట్టే.

ఇక్కడున్నవాళ్లలో కాజీపేటలోనో వరంగల్‌లోనో రైలెక్కి ఢిల్లీ వెళ్లనివాళ్లు ఎంతమంది? చూశారా, నాలుగైదు చేతులే. మిగతా అందరూ సాంచి ముందు నుంచే వెళ్లారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్, జీటీ, తమిళనాడు, ఏది ఎక్కినా భోపాల్ దాటి 45 కిలోమీటర్లు పోయాక సాంచి స్టేషన్ వస్తుంది, పక్కనే కొండ, కొండ మీద స్తూపం. బండి ఆగదు, పసుపు బోర్డు సర్రున వెనక్కి పోతుంది. నేను కూడా మా పెద్దోడి చదువని, తర్వాత వాడి ఉద్యోగమని, ఏడెనిమిదిసార్లు అట్లాగే వెళ్లాను. క్లాసులో బోర్డు మీద సాంచి స్తూపం బొమ్మ గీసి "పిల్లలూ, ఇది మధ్యప్రదేశ్‌లో ఉంది" అని ఏటా చెప్పేవాణ్ని, ఆ బొమ్మ ముందు నుంచే పై బెర్తు మీద ముసుగుతన్ని పడుకుని పోయేవాణ్ని. ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?

ఇంకోటి. మనం ఓరుగల్లు వాళ్లం. మన కోటలో నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉన్నాయి, మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం పోయింది. బస్సు మీద, ఆఫీసు బోర్డు మీద, పెళ్లిపత్రిక మీద కూడా ఆ తోరణం బొమ్మే. సాంచిలోనూ పెద్ద స్తూపానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, కాకతీయుల వాటికంటే పన్నెండు పదమూడు వందల ఏళ్లు పాతవి, అక్కడ మాత్రం మధ్యలో ఉండాల్సింది కూడా ఉంది. రెండూ చూసినవాడికి తోరణం అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది, పుస్తకం చదివితే తెలిసేది కాదు.

సరే, ప్లాన్. అందరూ మొదట టికెట్ల గురించి అడుగుతారు, నేను మొదట వారాల గురించి చెప్తాను. ఎందుకంటే నేను పడ్డ గుంట అదే. మొదటిసారి మా ఆవిడా నేనూ గురువారం బయలుదేరి శుక్రవారం పొద్దున్నే సాంచిలో వాలిపోయాం. పైన కొండమీద స్తూపం తెరిచే ఉంది, రోజూ ఉంటుంది, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. కింద పురావస్తు శాఖ మ్యూజియానికి తాళం. శుక్రవారం సెలవు. అక్కడ కాపలా ఉన్నాయన నవ్వి "కల్ ఆయియే" అన్నాడు, మాకేమో ఆ రాత్రికే రిటర్న్ టికెట్. అశోకుడి నాలుగు సింహాల శిఖరం ఆ తాళం వెనకాల ఉంది, నేనేమో గేటు ఊచల్లోంచి లాన్ చూసి వచ్చాను. దారి పొడుగునా మా ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. సెలవు ఏ రోజో చూసుకోనిది నేనే కదా, ఎవర్నని ఏం లాభం.

భోపాల్‌లో లెక్క వేరు. అక్కడి స్టేట్ మ్యూజియం, ట్రైబల్ మ్యూజియం, మానవ్ సంగ్రహాలయ్, మూడూ సోమవారం సెలవు. మూడూ శ్యామలా హిల్స్ మీద దగ్గర దగ్గరగానే ఉంటాయి. ట్రైబల్ మ్యూజియం పొద్దున్నే తెరవరు, మధ్యాహ్నం 12 గంటలకు. అంటే సోమవారం, శుక్రవారం ఈ రెండూ మనకు గండాలు. రెండోసారి ఏం చేశానంటే సోమవారాన్ని రైల్లో గడిపేశాను, శుక్రవారాన్ని భోపాల్ దగ్గరి భీంబెట్కా గుహల్లో గడిపేశాను. గుహలకు వారపు సెలవు లేదు. ఇదే మొత్తం ప్లాన్, మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

సోమవారం పొద్దున కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి భోపాల్‌లో దిగుతారు. మంగళవారం సాంచి. బుధవారం విదిశ, ఉదయగిరి. గురువారం భోపాల్ మ్యూజియంలు. శుక్రవారం భీంబెట్కా, ఆ సాయంత్రమో రాత్రో బండెక్కి శనివారానికి ఇంటికి. ఆదివారం కాళ్లు చాపుకోవడానికి మిగిలింది. అర్ధరాత్రి కాజీపేట ప్లాట్‌ఫాం మీద కూర్చునే ఓపిక ఉంటే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఇంకో రకంగా బాగుంటుంది, అది నిదానం బండి, కానీ నాగపూర్ దాటాక బేతూల్ దగ్గర సాత్పురా కొండలు, సొరంగాలు, ఆ తర్వాత నర్మద, అన్నీ పగటిపూట కనిపిస్తాయి. టైములు మారుతుంటాయి, నా మాట పట్టుకుని వెళ్లకండి, బుక్ చేసే రోజున చూసుకోండి.

టికెట్ల సంగతి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలు, ఇదివరకు 120 ఉండేది. పొద్దున 8 గంటలకు తెరుస్తారు. వెళ్లే టికెట్, వచ్చే టికెట్ ఒకే రోజు బుక్ చేద్దామని కూర్చుంటారు చాలామంది, కుదరదు, రిటర్న్ నాలుగు రోజుల తర్వాత తెరుచుకుంటుంది, ఆ పొద్దున మళ్లీ కూర్చోవాలి, క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. భోపాల్ మధ్యలో ఉన్న స్టేషన్, బండేమో ఢిల్లీ నుంచి వస్తుంది, మధ్య స్టేషన్లకు బెర్తుల కోటా తక్కువ, వెయిటింగ్ లిస్టు పడిందంటే అంత తొందరగా కదలదు. కాబట్టి రిటర్నే జాగ్రత్తగా చేసుకోవాలి. వెళ్లేటప్పుడు టికెట్ దొరక్కపోతే మహా అయితే ఇంట్లో ఉంటాం, వచ్చేటప్పుడు దొరక్కపోతేనే కదా టెన్షన్. 2020లో ఆపేసిన సీనియర్ సిటిజన్ రాయితీని నమ్ముకోకండి, కానీ లోయర్ బెర్తు కోటా ఉంది, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు దాటితే. ఇంకోటి, భోపాల్‌లో రెండు పెద్ద స్టేషన్లు. భోపాల్ జంక్షన్ ఒకటి, రాణీ కమలాపతి ఒకటి, దాన్ని 2021 దాకా హబీబ్‌గంజ్ అనేవారు. కొన్ని బళ్లు ఒకదాంట్లోనే ఆగుతాయి. ఆటోవాడికి పాత పేరు చెప్తేనే తొందరగా అర్థమవుతుంది.

భోజనం గురించి ఒక్క మాట. మొదటి రోజుకి పులిహోర, రెండో పూటకి చపాతీ, అంతే, ఆ తర్వాత అక్కడివే తినండి. పొద్దున్నే పోహా జిలేబీ కలిపి తింటారు, మొదటిసారి నాకు వింతగా అనిపించింది, మూడో రోజుకి నేనే వెతుక్కుంటూ వెళ్లాను.

భోపాల్ నుంచి సాంచికి పొద్దున లోకల్ బళ్లున్నాయి, బస్సులూ ఉన్నాయి. రైల్లో వెళ్తే స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. పైన స్తూపం దగ్గరిదాకా వాహనాలు వెళ్తాయి కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకు భయం లేదు. దారిలో రోడ్డు పక్కన కర్కటరేఖ వెళ్లే చోట గుర్తు పెట్టి ఉంటుంది. సోషల్ మాస్టారికి అది గుడి లాంటిది, నేను దిగి ఫోటో దిగాను, మా ఆవిడ కారులోంచి చూసింది.

నా సలహా ఏంటంటే మ్యూజియం ముందు, కొండ తర్వాత. అందరూ తిరగేసి చేస్తారు. కొండ దిగేసరికి అలసిపోయి మ్యూజియాన్ని పావుగంటలో తిరిగేస్తారు. ఈ మ్యూజియాన్ని 1919లో అప్పటి పురావస్తు శాఖ పెద్ద జాన్ మార్షల్ పెట్టించాడు, ఇప్పుడున్నది తర్వాత కొండ కింద కట్టిన భవనం. లోపలికి వెళ్లగానే ఆ సింహాల శిఖరం ఉంటుంది. ఒకదానికొకటి వీపులానించి కూర్చున్న నాలుగు సింహాలు, మన నోటు మీద ఉన్న సారనాథ్ వాటికి అన్నదమ్ములు. మొహాలు దెబ్బతిన్నాయి. కానీ పక్కకు తిరిగి, వెలుగు పడే వైపు నిలబడి చూడండి, రాయి మీద నున్నని మెరుపు ఇప్పటికీ ఉంది, 2200 ఏళ్లు దాటినా. పాలిష్ పట్టిన గ్రానైటు కాదు, ఇసుకరాయి, దాన్ని అట్లా మెరిపించారు.

అది చూశాక పైకి వెళ్తే దక్షిణ తోరణం పక్కన ఆ సింహాలను మోసిన స్తంభం మొండెం కనిపిస్తుంది. మిగతా ముక్కలు పక్కన పడుకోబెట్టి ఉన్నాయి. అక్కడి జమీందారు ఒకాయన చెరుకు గానుగకు పనికొస్తుందని ఆ స్తంభాన్ని విరగ్గొట్టించాడట, మార్షల్ రాసిన మాట ఇది. నవ్వకండి, మన అమరావతిలో జరిగింది ఇంతకంటే ఘోరం. 1797 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టుకుంటూ మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం, రాళ్లు తవ్వించాడు, సరిగ్గా అప్పుడే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, ఆ తర్వాత ఎవరికి దొరికినవి వాళ్లు పట్టుకుపోయారు. ఇవాళ అమరావతి రాళ్లు చూడాలంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి పోవాలి, లండన్ పోవాలి. అమరావతిలో మిగిలింది మట్టి దిబ్బ, కొన్ని పలకలు. సాంచి అదృష్టం ఏంటంటే పెద్ద ఊరికి దూరంగా కొండ మీద ఉంది. అయినా గండాలు తప్పలేదు. 1818లో జనరల్ టేలర్ చూసి రాసినప్పటికి తోరణాలు మూడు నిలబడే ఉన్నాయి, ఆ తర్వాత నిధి ఉందేమోనని స్తూపాన్ని తవ్వి చెడగొట్టారు. ఫ్రెంచివాళ్లు ఒక తోరణం మాకిచ్చేయమని అడిగారు. ఇవ్వలేదు, తూర్పు తోరణానికి 1869లో ప్లాస్టర్ అచ్చు తీసి పంపారు. ఒరిజినల్ ఇక్కడే ఉండిపోయింది, నకలు లండన్ వెళ్లింది. మన అమరావతికి ఇది తిరగబడింది, ఏం చేస్తాం.

దక్షిణ తోరణం దగ్గర తొందరపడకండి. పై దూలం మీద ఒక చిన్న స్తూపం చెక్కి ఉంటుంది, దాని మీద బ్రాహ్మీ లిపిలో ఒక వాక్యం, రాజు శ్రీ శాతకర్ణి దగ్గరి శిల్పుల పెద్ద, వాసిష్ఠీపుత్ర ఆనందుడి దానం అని. శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర, ఈ పేర్లు వింటుంటే ఎక్కడికి పోతోంది మనసు? మన కోటిలింగాల నాణేల దగ్గరికి పోవట్లా? శాతవాహనుల మనిషి అక్కడిదాకా వెళ్లి పని చేయించాడు, పేరు రాయించుకున్నాడు. రాజు దానం కాదండీ అది, మేస్త్రీ దానం. అదే తోరణం స్తంభం మీద ఇంకో వాక్యం, ఈ చెక్కడం విదిశ దంతపు పనివాళ్లు చేశారు అని. ఏనుగు దంతం మీద పనిచేసిన చెయ్యి అది, అందుకే రాయి మీద అంత సన్నటి నగిషీ. మనిషి వేలి గోరంత జాగాలో ఒక చెట్టు ఆకులు విడివిడిగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక తమాషా. 1882-83లో మేజర్ కోల్ పడిపోయిన ఈ తోరణాన్ని ఎత్తి నిలబెట్టేటప్పుడు పై దూలం, కింది దూలం వెనకది ముందుకు వచ్చేలా పెట్టేశారట. ఎవరూ సరిచేయలేదు. అందుకని ఈ తోరణాన్ని బయటి నుంచి ఒకసారి, లోపలికి పోయి వెనక్కి తిరిగి ఇంకోసారి చూడాలి. గైడ్లు ముందు వైపే చూపించి తీసుకెళ్లిపోతారు.

బుద్ధుడు ఎక్కడున్నాడని వెతుకుతారు అందరూ. తోరణాల మీద ఆయన మనిషి రూపంలో ఎక్కడా ఉండడు. చెట్టు, చక్రం, పాదముద్రలు, ఖాళీ సింహాసనం. తూర్పు తోరణం మధ్య దూలం మీద సిద్ధార్థుడు ఇల్లు వదిలి వెళ్లే ఘట్టం చూడండి. గుర్రం ఉంటుంది, గుర్రానికి పైన గొడుగు పట్టి ఉంటుంది, గుర్రం మీద ఎవరూ ఉండరు. అదే గుర్రం వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి గొడుగు లేకుండా వెనక్కి వస్తుంది. ఆయన దిగిపోయాడన్నమాట. నేను ఆ దూలం కింద అరగంట నిలబడ్డాను, మెడ పట్టేసింది.

మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో కూడా తోరణం దూలాలు దొరికాయి, ఇట్లాంటివే, సాంచి కంటే మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాతివి. వాటిలో ఒకటి 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లొచ్చింది. మనం వెళ్లమా అంటే, ఫణిగిరికి ఇక్కడి నుంచి ఎంతమంది వెళ్లారో నేను చేతులెత్తమని అడగను లెండి.

మూడో స్తూపం చిన్నది, ఒకటే తోరణం. 1851లో కనింగ్‌హాం, మైసీ అనే ఇంగ్లీషు సైన్యాధికారులు దాంట్లో బుద్ధుడి ఇద్దరు ముఖ్య శిష్యులు సారిపుత్త, మొగ్గల్లానల ధాతువులు, అంటే అస్థికలు ఉన్న పెట్టెలు తీశారు. అవి లండన్ వెళ్లి, తిరిగి వచ్చి, 1952 నుంచి ఇక్కడే కట్టిన కొత్త విహారంలో ఉన్నాయి. నవంబరు చివరి ఆదివారం బయటపెడతారు, అప్పుడు శ్రీలంక నుంచి కూడా జనం వస్తారు. ధాతువులు చూడాలనుకుంటే అప్పుడే వెళ్లండి, శిల్పాలు తీరిగ్గా చూడాలంటే మాత్రం ఆ వారం వద్దు.

విదిశ సాంచికి 10 కిలోమీటర్లు. బుధవారం ఒక ఆటో మాట్లాడుకుంటే సరిపోతుంది. ఉదయగిరి గుహలు గుప్తుల కాలానివి, అయిదో గుహలో వరాహం మనిషికి రెండింతలుంటుంది, భూదేవి దంతానికి వేలాడుతూ ఉంటుంది, వెనక గోడ నిండా రుషులు వరసలు వరసలుగా. ఢిల్లీ కుతుబ్ దగ్గరున్న తుప్పు పట్టని ఇనప స్తంభం మొదట ఇక్కడిదేనని చాలామంది పండితులు అంటారు.

కానీ నాకు విదిశలో బాగా నచ్చింది ఖాంబ్ బాబా. అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు అది. పొలాల మధ్య, బేస్ నది దగ్గర, ఒక్క రాతి స్తంభం. వందల ఏళ్లుగా దానికి సింధూరం పూస్తూ పూజ చేశారు, పూసీ పూసీ మందంగా పేరుకుపోయింది. 1877లో కనింగ్‌హాం అంతటివాడు వచ్చి, చూసి, ఆ సింధూరం కింద ఏముందో తెలియక వెళ్లిపోయాడు. 1909-10లో అది గీకితే అక్షరాలు బయటపడ్డాయి. తక్షశిల నుంచి ఆంతియాల్కిదాస్ అనే గ్రీకు రాజు పంపిన రాయబారి హెలియోడోరస్, నేను భాగవతుణ్ని అని చెప్పుకుని, వాసుదేవుడికి ఈ గరుడధ్వజం నిలబెట్టించాను అని రాయించాడు. క్రీస్తుకు వందేళ్ల ముందు మాట. గ్రీకు మనిషి, గరుడస్తంభం! మన ఊళ్లో బొడ్రాయికి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు నాకు ఆ స్తంభమే గుర్తొస్తుంది, దీని కింద ఏ అక్షరాలున్నాయో అని.

గురువారం మ్యూజియంల గురించి వివరంగా చెప్పను, ఒక్క హెచ్చరిక, మూడూ ఒకే రోజు చూడొద్దు, కుదరదు. మానవ్ సంగ్రహాలయ్ ఒక్కటే దాదాపు 200 ఎకరాలు, దేశంలోని రకరకాల గిరిజన ఇళ్లు నిజం ఇళ్లే కట్టి పెట్టారు. పొద్దున అది, మధ్యాహ్నం ట్రైబల్ మ్యూజియం. రాళ్లంటే ఇష్టమున్నవాళ్లు మొదటిదాని బదులు స్టేట్ మ్యూజియం పెట్టుకోండి.

శుక్రవారం భీంబెట్కా. 1957లో వాకణ్‌కర్ అనే ఆయన రైల్లో భోపాల్ వెళ్తూ, కిటికీలోంచి ఈ రాళ్లగుట్టలు చూసి, యూరప్‌లో చూసిన గుహల్లా ఉన్నాయే అని అనుమానం వచ్చి, తర్వాత వచ్చి వెతికాడు. ఏడు వందలకు పైగా రాతి ఆవాసాలు బయటపడ్డాయి, సగానికి పైగా బొమ్మలున్నవి. 2003లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అదే లైను, అదే కిటికీ. మనం ఫోన్ చూసుకుంటూ పోయిన చోటే ఆయనకు బొమ్మలు దొరికాయి. అక్కడ చదునైన దారి వేశారు, పదిహేను ఆవాసాలు తిరిగి చూడొచ్చు, రెండు గంటలు చాలు. జూ రాక్ అనేదాని మీద ఏనుగులు, దుప్పులు, దున్నలు ఒకదాని మీద ఒకటి, ఏ కాలం వాడు వచ్చి వేస్తే వాడిది. నీళ్లు తీసుకెళ్లండి, పైన కొట్లు లేవు.

ఆ రెండో వరసలో అమ్మ ఏదో అడుగుతున్నారు... ఖర్చా? అది మీరు ఏసీ ఎక్కుతారా స్లీపర్ ఎక్కుతారా అన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. మేం థర్డ్ ఏసీలో వెళ్లాం, విదిశలో, భీంబెట్కాలో ఇంకో జంటతో కలిసి బండి మాట్లాడుకున్నాం, సగం సగం. నలుగురు కలిసి వెళ్తే బాగుంటుంది, అంతకు మించితే మాత్రం ఒకరు తోరణం చూస్తుంటే ఇంకొకరు టీ టీ అంటారు.

ఎవరు, అన్నా మీరా? పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్లండి, గుర్రం మీద మనిషి ఎందుకు లేడో ముందు చెప్పకండి, వాళ్లనే అడగనివ్వండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య సెలవుల్లో చూసుకోండి, ఎండాకాలం ఆ రాళ్ల మీద కాలు పెట్టలేరు. సంక్రాంతికి వెళ్లాలనుకుంటే క్యాలెండర్‌లో 60 రోజులు వెనక్కి లెక్కపెట్టుకోండి, సోమవారం పొద్దున కాజీపేట, గుర్తుందిగా.